అమ్మ కంటి కాగితంలో ఆ అడ్డగీత

పలాస అవతల, ఉద్దానం వైపు ఊరి నుంచి ఒకమ్మాయి రాసింది. పేరూ ఊరూ వెయ్యొద్దంది, సరే. ఉత్తరం పెద్దది, మధ్యలో ఒకచోట ఆపేసి మర్నాడు మళ్ళీ మొదలెట్టినట్టుంది, నేను కుదించి చెప్తా.

వాళ్ళమ్మకి 57 ఏళ్ళు. షుగర్ వచ్చి 13 ఏళ్ళు, బీపీ కూడా ఉంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసి గుండు వేరు బద్ద వేరు చేసే పని, కిలోల లెక్కన డబ్బులు. కార్తీకమాసంలో ఊళ్ళో కంటి క్యాంపు పెడితే ఊరికే అద్దాలిస్తారేమోనని వెళ్ళింది. అక్కడ ఒక కెమెరా ముందు గెడ్డం ఆనించమని కంటి లోపల ఫోటో తీసి కాగితం చేతిలో పెట్టారు. కుడికన్ను 6/12, ఎడమకన్ను 6/6, అంటే ఎడమది మామూలు చూపు, కుడిది కొంత తగ్గింది. కింద "రెండు కళ్ళూ మోడరేట్ ఎన్‌పీడీఆర్, కుడికంట్లో మాక్యులా దగ్గర హార్డ్ ఎగ్జుడేట్స్, డీఎంఈ అనుమానం" అని, ఇంకా కింద "ఓసీటీ / ఎఫ్ఎఫ్ఏ" అని ఉంది. ఎన్‌పీడీఆర్ అంటే షుగర్ వల్ల కంటి వెనక పొరకి, అంటే రెటీనాకి, వచ్చే జబ్బు, మిగతా మాటలు కింద విప్పి చెప్తా. ఎఫ్ఎఫ్ఏ అంటే ఏటని అడిగితే చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి కంటి ఫోటోలు తీస్తారని ఎవరో చెప్పారు. అంతే, ఇంట్లో గొడవ అక్కణ్ణించి మొదలు.

ఎందుకంటే వాళ్ళ నాన్న ఆరేళ్ళ కిందట కిడ్నీలు పోయి, రెండేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయాడు. డయాలసిస్‌కి ముందు కడుపునొప్పని వెళ్తే ఒక ఆసుపత్రిలో రంగుమందు ఎక్కించి స్కాన్ తీశారంట, ఆ తర్వాతే క్రియాటినిన్, అంటే కిడ్నీలు నీరసిస్తే రక్తంలో పెరిగేది, పెరిగిందని, నాన్నని ఆ మందే చంపిందని అన్నయ్య గట్టి నమ్మకం. అన్నయ్య హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్లో "అమ్మకి సూది పొడిపిస్తే నాతో మాట్లాడకు" అన్నాడు. అమ్మేమో "నాకు కళ్ళు బాగానే అవుపడతన్నాయి, మీ అయ్యకి సేసినట్టే నాకూ సేత్తారేటి" అంటోంది. అమ్మ క్రియాటినిన్ 1.5 ఉంది, మూణ్ణెల్ల షుగర్ 9.2. మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపు మాత్ర వేసుకుని పనికెళ్తోంది. చెల్లి పెళ్ళి ఫాల్గుణంలో.

అమ్మాయి అడిగినవి మూడు. ఆ రంగుమందు నిజంగా కిడ్నీలకి చేటా? పెళ్ళయ్యేదాకా ఆగొచ్చా? మూడోది ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో రాసింది: సింహాచలం దర్శనానికని అబద్ధం చెప్పి వైజాగ్ తీసుకెళ్ళి పరీక్ష చేయించేద్దామనుకుంటున్నా, తప్పా అప్పా, అని.

అప్పా, అంటే అక్కా, అన్నావు కాబట్టి నువ్వు అనే అంటా, ఏమనుకోకు. నేను డాక్టర్ని కాదు, అది ముందే చెప్పెయ్యాలి. విజయనగరంలో, అంతకుముందు వైజాగ్‌లో, ముప్పై ఏళ్ళ పైనే ఈ కంటి ఫోటోలు తీసే ఉద్యోగం చేశా. ఆ రంగుమందు ఫోటోలు రీలు కెమెరాలో 36 ఫ్రేములు లెక్కపెట్టుకుని తీసిన రోజుల నుంచి కంప్యూటర్ తెర మీద తీసిన రోజుల దాకా. మీ అమ్మ కంటికి ఏం చెయ్యాలో చెప్పాల్సింది రెటీనా డాక్టరు, కానీ మీ ఇంట్లో గొడవపడుతున్నది కంటి గురించి కాదనిపించింది చదువుతుంటే, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఆ కాగితం మళ్ళీ తియ్యి. "ఓసీటీ / ఎఫ్ఎఫ్ఏ" అనుంది కదా, మధ్యలో ఒక అడ్డగీత ఉంది చూడు. ఆ గీతకి రెండూ అని అర్థం కాదు, ఇదో అదో, ఏది అవసరమైతే అది అని. ఓసీటీ అంటే వెలుతురుతో తీసే కంటి స్కాన్, అందులో సూది లేదు, రంగు లేదు, రక్తంలోకి ఏదీ వెళ్ళదు, క్యాంపులో ఎలా గెడ్డం ఆనించిందో అలాగే ఆనించి ఒక పచ్చ గుర్తుని చూస్తూ కూచుంటే నిమిషాల్లో అయిపోతుంది. మీ అన్నయ్య ఆ గీత కుడివైపు ఉన్నది మాత్రమే చదివాడు, అమ్మా అదే విన్నది, నువ్వూ దానికే జవాబు వెతుక్కుంటూ నాలుగు వారాలు నిద్ర మానేశావు. నిన్నంటే లాభం లేదులే, ఆ గీత పెట్టేవాళ్ళని అనాలి. నేను పనిచేసిన ఒకచోట చీటీ మీద అలాగే అచ్చేసి ఉండేది, కౌంటర్లో రెండిటికీ కలిపి డబ్బు కట్టించుకునేవాళ్ళు, నేను రెండుసార్లు అడిగా, మూడోసారి అడగొద్దన్నారు.

ఇప్పుడు ఆ ఫోటోలో ఏం కనిపించిందో చెప్తా, ఇది తెలిస్తే మిగతాది సులువు. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువుంటే కంటి వెనకాల పొరలో ఉండే సన్న రక్తనాళాల గోడలు నీరసిస్తాయి, అక్కడక్కడ చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి, వాటిలోంచి నీరూ కొవ్వూ బయటికి ఊరతాయి. నీరు కొంత మళ్ళీ ఇంకిపోతుంది, కొవ్వు అంత తొందరగా ఇంకదు, పసుప్పచ్చగా గడ్డకట్టి మిగులుతుంది. నౌపడా ఉప్పు మళ్ళు చూసే ఉంటావు, నీళ్ళు ఆరిపోయాక గట్టు వార తెల్లగా గీత మిగుల్తుంది కదా, అచ్చం అదే. ఆ పసుపు మచ్చలే కాగితంలో హార్డ్ ఎగ్జుడేట్స్. అంటే ఏదో కారింది అని ఫోటో చెప్పింది. ఇప్పుడు కూడా మళ్ళో నీళ్ళున్నాయా, ఉంటే ఎంత లోతు, అనేది పైనుంచి తీసిన ఫోటో సరిగా చెప్పలేదు. మాక్యులా అంటే అక్షరాలు చదివే, సూదిలో దారం ఎక్కించే, గుండు బద్ద తేడా పట్టే చోటు. ఆ చోట నీరు చేరిందేమో అని అనుమానమొచ్చి డీఎంఈ అని రాశారు. అనుమానం అని రాశారు, ఉంది అని రాయలేదు, అది కూడా గమనించు.

కాబట్టి ఇప్పుడు ఆ కంటిని అడగాల్సిన ప్రశ్న ఒకటే, మాక్యులాలో నీరుందా, ఎంత? ఈ ప్రశ్నకి జవాబు చెప్పేది ఓసీటీ. వెలుతురు పంపి పొరల నుంచి వెనక్కొచ్చినదాన్ని లెక్కగట్టి, రెటీనాని అడ్డంగా కోసినట్టు చూపిస్తుంది, పనసకాయ సగానికి కోస్తే తొక్క ఎంత మందం తొన ఎక్కడ అని కనబడ్డట్టు. మందం మైక్రాన్లలో వస్తుంది. మొన్నటికీ ఇవాళ్టికీ పెరిగిందా తగ్గిందా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 1991లో మొదటిసారి ప్రపంచానికి చూపించారు దీన్ని, అంతకుముందు మాకు ఇవన్నీ లేవు, వాపుందా లేదా అని డాక్టరు భూతద్దం పెట్టి చూసో, రంగు ఎక్కించో తేల్చేవాళ్ళు.

రంగుమందు పరీక్ష వేరే ప్రశ్నలకి జవాబు. ఏ బుడిపె ఇప్పుడు కారుతోంది, ఏ భాగానికి రక్తం అసలు అందట్లేదు, కొత్త నాళాలు మొలిచాయా? ఈ రెండో మాట కొంచెం విప్పాలి. వంశధార కాలవ శివారు భూముల సంగతి నీకు నాకంటే బాగా తెలుసు, పైన ఉన్నవాళ్ళకి నీళ్ళుంటాయి, చివరికొచ్చేసరికి ఎండు. కంట్లో కూడా సన్న నాళాలు మూసుకుపోతే శివారు ఎండిపోతుంది. అప్పుడు అక్కడి పొర ఊరుకోదు, నాకు రక్తం కావాలని ఒక రసాయనం విడుస్తుంది, దాంతో కొత్త నాళాలు మొలుస్తాయి, అవి కచ్చా నాళాలు, తేలిగ్గా చిట్లుతాయి, కన్నంతా రక్తం. మీ అమ్మది ఇంకా ఆ దశ అని కాగితంలో లేదు, ఎన్‌పీడీఆర్ అంటేనే కొత్త నాళాలు మొలవలేదని. అందుకని మొదటి రోజే రంగు ఎక్కించి తీరాలని రూలేమీ లేదు. డాక్టరు చుక్కలు వేసి కంటిపాప విప్పి లోపలంతా చూశాక, ఓసీటీ చూశాక, చూపు తగ్గిన లెక్క వాటితో కుదరకపోతే, శివారు ఎండిందేమోనని అనుమానం వస్తే, అప్పుడు అడుగుతారు. అప్పుడు కూడా ఓసీటీ ఆంజియోగ్రఫీ అని ఒకటుంది పెద్ద ఆసుపత్రుల్లో. అదే చోటిని గబగబా మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి, ఏం కదిలిందో ఏం కదల్లేదో పోల్చుకుంటుంది, కదిలేది రక్తకణాలే కాబట్టి నాళాల పటం దానంతటది గీసుకుంటుంది. రంగు లేదు సూది లేదు. లోపం ఏంటంటే ఎక్కడ కారుతోందో అది చూపించదు, ఒక్కసారికి కొద్దిమేరే పడుతుంది, మనిషి కన్ను కదిపితే గీతలు గీతలుగా పాడవుతుంది. అందుకే రంగుమందు పరీక్ష ఇంకా బతికే ఉంది.

దాని గురించి ఇంత భయపడుతున్నారు కాబట్టి అది ఎలా ఉంటుందో కుర్చీ ఇవతల నుంచి చూసినదాన్ని చెప్తా. మందు ఫ్లోరోసీన్, నారింజ రంగులో ఉంటుంది, మొత్తం ఇచ్చేది 3 నుంచి 5 మి.లీ., అంటే చెంచాడు. మోచేతి మడతలో సన్న సూది. సిస్టర్ ఇస్తున్నా అనగానే నేను టైమర్ నొక్కేదాన్ని. తెర నల్లగా ఉంటుంది, గదిలో ఎవరూ మాట్లాడరు. పది సెకన్లు, పన్నెండు. వెనక పొర మసగ్గా వెలుగుతుంది, ఆ వెంటనే ధమనులు తెల్లగా కొమ్మలు వేస్తాయి, తర్వాత సిరలు, అవి మధ్యలో నల్లగా ఉండి ముందు అంచులే నిండుతాయి, గెడ్డలో నీరు ఒడ్డు వారగా వచ్చినట్టు. ఇన్నేళ్ళు చూసినా ఆ అర నిమిషం నాకు విసుగు రాలేదు. షుగర్ కళ్ళలో అప్పుడు బుడిపెలు చుక్కల ముగ్గులా ఒక్కసారి బయటపడతాయి, అయిదు నిమిషాలు ఆగి తీస్తే కారే చుక్కలు తడిగుడ్డ మీద సిరాలా వ్యాపించి ఉంటాయి, కారనివి అలాగే ఉంటాయి. అదీ దాని పని.

ఇబ్బందులు దాచను. కొందరికి మందు వెళ్ళిన అర నిమిషానికి కడుపులో తిప్పుతుంది, పక్కన ట్రే పెట్టుకునే ఉంటాం, రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. కొందరికి దురద, దద్దుర్లు. సూది జారి మందు చర్మం కిందకి పోతే బాగా మంట పుడుతుంది. చాలా అరుదుగా పెద్ద ఎలర్జీ వస్తుంది, అందుకే అత్యవసర మందులు లేని చోట చెయ్యకూడదు, ఇది మాత్రం గట్టిగా అడుగు. 1986లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద సర్వేలో సుమారు 2,22,000 పరీక్షలకి ఒక మరణం లెక్క తేలింది. సున్నా కాదు, అందుకే అవసరం లేకుండా చెయ్యొద్దంటున్నా. చర్మం కొన్ని గంటలు పచ్చబడుతుంది, మూత్రం ఒకటిన్నర రోజు దాకా ముదురు పసుపు. బొబ్బిలి నుంచి వచ్చిన ఒక తాతకి ఈ సంగతి చెప్పడం మర్చిపోయాను, మర్నాడు మొదటి బస్సుకి కామెర్లొచ్చాయని కొడుకుని వెంటేసుకుని దిగాడు.

అన్నట్టు ఈ పరీక్ష పుట్టింది కూడా డాక్టర్ల వల్ల కాదు, స్టూడెంట్ల వల్ల. అమెరికాలో ఇండియానాలో హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్ అని ఇద్దరు మెడిసిన్ చదివే కుర్రాళ్ళు, ముందు ఎవరి చేతికి మందు ఎక్కించుకోవాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు, ఆల్విస్‌కి పడింది. రాసి పంపితే కంటి వైద్యం పత్రిక వద్దంది, చివరికి 1961లో సర్క్యులేషన్ అనే గుండె జబ్బుల పత్రిక వేసుకుంది.

ఇప్పుడు కిడ్నీ. మీ నాన్నకి ఎక్కించింది స్కాన్‌కి వాడే అయోడిన్ రంగుమందు అయ్యుంటుంది, అది యాభై, వంద మి.లీ. దాకా ఇస్తారు, ముందే కిడ్నీలు నీరసంగా ఉన్నవాళ్ళకి దానితో జాగ్రత్త పడాలన్న మాట నిజమే. ఫ్లోరోసీన్ వేరే మందు, అందులో అయోడిన్ లేదు, ఇచ్చేది చెంచాడు, కిడ్నీని పాడుచేస్తుందని తేలలేదు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి కూడా చేస్తారు. కిడ్నీ తక్కువ పనిచేసేవాళ్ళలో బయటికి పోవడం ఆలస్యమవుతుంది, పచ్చదనం ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది, డాక్టరుకి ముందే చెప్తే మోతాదు ఆలోచించి ఇస్తారు. నీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదీ.

కానీ దీన్ని తీసుకెళ్ళి అన్నయ్య మీద విసరకు. రెండూ వేరే మందులు అని నువ్వు గెలిస్తే, నాన్న విషయంలో తను ఆరేళ్ళు నమ్మింది తప్పని ఒప్పుకోవాలి, ఎవరొప్పుకుంటారు. మీ నాన్నకి ఆ స్కాన్ వల్లే ముదిరిందా, లోపల ముందే పోతున్న కిడ్నీలు అప్పుడు బయటపడ్డాయా, కాగితాలు చూడకుండా ఎవరూ చెప్పలేరు. మీ కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బుకి కారణమే ఇప్పటిదాకా గట్టిగా తేలలేదు, షుగర్ బీపీ లేనివాళ్ళకి కూడా వస్తోంది. అలాంటి చోట ప్రతి ఇంట్లో ఒక్కో కారణం చెప్పుకుంటారు, నీళ్ళనో, మందనో, పురుగుమందనో. మీ ఇంట్లో అది రంగుమందు. దాన్ని వాదించి తీసెయ్యలేవు.

దానికి బదులు ఒక పని చెయ్యి. పలాసలోనే 2023 డిసెంబర్లో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా, అక్కడ అమ్మ క్రియాటినిన్ చూపించి, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా చేయించు. కంటి నాళాలు పాడైనవాళ్ళకి కిడ్నీ నాళాలు ఎలా ఉన్నాయో చూసుకోవాల్సిందే, రెండూ అదే షుగర్, అదే బీపీ. వాళ్ళనే అడుగు, కంటికి ఫ్లోరోసీన్ అడిగితే ఇవ్వొచ్చా అని, ఒక లైను రాయించుకో. నా మాటా నీ మాటా అన్నయ్యకి ఎక్కదు, కిడ్నీ డాక్టరు చేతిరాత ఎక్కుతుంది.

ఇంకోటి, ఇది చదివి కోపం రాకూడదు. ఇల్లంతా ఇంకా ఎక్కించని చెంచాడు మందు గురించి కొట్టుకుంటున్నారు, అమ్మ మోకాళ్ళకి మెడికల్ షాపులో కొన్న నొప్పిబిళ్ళ రోజూ వేసుకుంటోందని రెండో పేజీలో ఒక్క లైన్లో రాసి వదిలేశావు. క్రియాటినిన్ 1.5 ఉన్న మనిషికి డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు నెలల తరబడి, అదీ నిజమైన చేటు. ఆ బిళ్ళ పేరు ఏంటో చూడు, డాక్టర్ని అడిగి మార్పించు.

"బాగానే అవుపడతన్నాయి" అన్నదానికి వద్దాం. అమ్మ అబద్ధమాడట్లేదు. ఈ జబ్బు నొప్పి పుట్టదు, ఎర్రబడదు, ఎడమకన్ను 6/6 ఉంటే కుడికంటి లోటు తెలియనివ్వదు. నువ్వు వాదించకు, ఏదో ఒక సాయంత్రం గోడ క్యాలెండర్ ముందు నిలబెట్టి ఎడమకన్ను అరచేత్తో మూసి తిథి చదవమను, తర్వాత కుడికన్ను మూసి చదవమను. తలుపు అంచు నిటారుగా ఉందా వంకర పోయిందా అడుగు. తేడా తనకే తెలిస్తే నువ్వు చెప్పేదేం ఉండదు. తెలియకపోయినా జబ్బు లేదని కాదు, ఊరికే అప్పటికి ఆ దారి మూసుకున్నట్టు.

సింహాచలం అబద్ధం మాత్రం వద్దమ్మా. తప్పొప్పుల సంగతి కాదు, అది పనిచెయ్యదు. కళ్ళలో చుక్కలు వెయ్యగానే తెలిసిపోతుంది, రంగు పరీక్ష అయితే సంతకం పెట్టాలి. ఒకాయన్ని కొడుకు బీపీ చూపిద్దామని తీసుకొచ్చాడు మా దగ్గరికి, చేతికి రబ్బరు పట్టీ కట్టేసరికి విషయం తెలిసి, పట్టీ పీకి నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. కొడుకు వెనకాలే పరిగెత్తాడు. ఎనిమిది నెలల తర్వాత వచ్చాడు, తనే వచ్చాడు, కంటి ముందు నల్ల సాలెగూళ్ళు తిరుగుతున్నాయని, అప్పటికి లోపల రక్తం చిమ్మేసింది. ఇది ఒక్కరోజు పని అయితే అబద్ధంతో గట్టెక్కుతావేమో, షుగర్ కన్ను ఏళ్ళ తరబడి ఆసుపత్రికి తిరగాల్సిన వ్యవహారం, మొదటిసారి మోసపోయిన మనిషి రెండోసారి నీ వెంట రైలెక్కదు. ఇంకోలా చెయ్యొచ్చు కదా, ముందురోజు నిజంగానే సింహాచలం వెళ్ళండి, అప్పన్నని చూసుకుని రాత్రి వైజాగ్‌లో ఉండి పొద్దున్న ఆసుపత్రికి, రెండూ ముందే చెప్పి. వరస మాత్రం మార్చకు, చుక్కలు వేశాక ఎండలో మెట్లెక్కించలేవు.

పెళ్ళి దాకా ఆగొచ్చా అన్నావు. ఆగితే ఏమవుతుంది అంటే, ఏమీ కాకపోవచ్చు, నిజంగానే. ఫోటోలో మచ్చలున్నాయి గానీ వాపు లేకపోతే మూడు నెలలకి పెద్ద తేడా రాకపోవచ్చు. కానీ వాపు మాక్యులా నడిమధ్యకి వచ్చి ఉంటే, 6/12 ఉన్నది చూపు చార్టులో ఇంకో రెండు వరసలు దిగాక వెనక్కి తేవడం కష్టం, వైద్యం చేసినా పోయిందంతా రాదు. ఈ రెండిట్లో ఏదో తెలియకుండా ఆగడం చీకట్లో గెడ్డ దాటడం. తెలుసుకుని ఆగడం వేరు. అందుకే నా బుద్ధికి తోచింది, ఓసీటీ ఒక్కటి ఇప్పుడు, సంక్రాంతి లోపు, చేయించేసి పెళ్ళి లెక్క దాన్ని బట్టి వేసుకోండి. వాపు లేదంటే షుగర్ బీపీ చూసుకుంటూ డాక్టరు చెప్పిన తేదీకి మళ్ళీ రండి, పెళ్ళి హాయిగా చేసుకోండి. వాపుంది గానీ మధ్యలో లేదంటే కొన్నాళ్ళు చూద్దామనొచ్చు, లేజర్ అనొచ్చు. మధ్యలో వాపు, చూపు కూడా తగ్గింది అంటే కంట్లో ఇంజెక్షన్లు అంటారు, మొదట్లో నెలకొకటి చొప్పున, మందుల్లో రకాలున్నాయి, ధరల్లో చాలా తేడా ఉంది, తక్కువ ధరది మాకు సరిపోతుందా అని మొహమాటపడకుండా అడుగు. అదే చూపు దాదాపు మామూలుగా ఉంటే, మధ్యలో వాపున్నా వెంటనే పొడవకుండా తరచుగా చూస్తూ ఉండొచ్చని 2019లో అమెరికా స్టడీ ఒకటి చూపించింది, తరచుగా చూస్తూ అన్నది మర్చిపోకూడదు. కంట్లో ఇంజెక్షన్ అనగానే అమ్మ లేచి పోతుందని తెలుసు, చుక్కలతో మొద్దుబార్చి ఇస్తారు, చాలామందికి ఒత్తిడిలాగే తెలుస్తుంది, ఆ సంగతి అవసరమైన రోజు చెప్పు, ఇప్పుడొద్దు.

అసలు ఏదీ వద్దు అని అమ్మ గట్టిగా అంటే అది కూడా ఒక దారే, కన్ను తనది. అప్పుడు కనీసం ఆ పని కూలి సంగతి తనతో ముందే మాట్లాడు, గుండు బద్ద తేడా పట్టలేని రోజు వస్తే ఏం చేద్దాం అని, బెదిరించినట్టు కాదు, ఖర్చు లెక్క వేసినట్టు. శుక్లాలు వచ్చాక అన్నీ కలిపి ఆపరేషన్ చేయిస్తానని మీ అన్నయ్య అన్నాడని రాశావు, రెటీనాలో వాపుండగా శుక్లం తీస్తే వాపు పెరిగే వీలుంది, రెటీనా చూడకుండా ఆ దారి పట్టొద్దు. షుగర్ మాత్రం ఒక్క నెలలో 9 నుంచి 6కి దించేస్తానని పథ్యం మొదలెట్టకండి, ఒక్కసారిగా దించితే కన్ను కొన్నాళ్ళు ముదరొచ్చు, నెమ్మదిగా, డాక్టరుతో.

అన్నయ్యకి ఆ కాగితం ఫోటో పంపు. ఏమీ రాయకుండా గీతకి ఎడమవైపున్నదాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా చుట్టి, దీనికి సూది లేదు అని ఒక్క మాట. తర్వాత ఆసుపత్రికి నువ్వే రా అని పిలువు, సెలవు దొరక్కపోతే డాక్టరు చెప్పేటప్పుడు ఫోన్లో వినమను. ఇన్నాళ్ళూ తను వద్దు అనడానికే ఉన్నాడు, ఇంకో పని ఎవరూ ఇవ్వలేదు. రంగుమందు అడిగితే ఆ రోజే సరే అనకండి, ఏ ప్రశ్నకి జవాబు కోసం, ఓసీటీ ఆంజియో సరిపోదా అని అడిగి, అది అతనే అడిగితే ఇంకా మంచిది, ఇంటికొచ్చి ఆలోచించుకుని చెప్తామనండి. డాక్టర్లకి కోపమేం రాదు, వస్తే ఇంకో డాక్టరు.

వైజాగ్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ వాళ్ళది ఉంది, దగ్గర్లో శ్రీకాకుళంలో రెటీనా డాక్టరు ఏ వారం వస్తారో కూడా వాకబు చెయ్యి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేం వస్తాయో ఆరోగ్యమిత్రని అడిగి, ఓసీటీ రేటు కౌంటర్లో ముందే కనుక్కుని వెళ్ళు. పొద్దున్న టిఫినూ షుగర్ మాత్రలూ మానిపించకు, ఉపవాసంతో వచ్చి కళ్ళు తిరిగి పడినవాళ్ళని చాలామందిని చూశా. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, అమ్మకి చల్లద్దాలు పెట్టించు, బండి మీద వెనక కూచోబెట్టి తీసుకురావొద్దు, ఆటో. క్యాంపు కాగితం, పాత రిపోర్టులు, నాన్న కాగితాలు కూడా దొరికితే, ఒక సంచిలో పెట్టు. అమ్మ వాడే మందులన్నీ ఒక చీటీ మీద రాయి. ఆ నొప్పిబిళ్ళ పేరు అన్నిటికంటే పైన రాయి.